శరదృతువూ, మన చిన్నబడీ

గడచిన ఆశ్వయుజ మాసంలో, దసరా సెలవులు ముగిసిన నాలుగైదు రోజులకు, కోనసీమలో ఒక గ్రామ ప్రాథమిక పాఠశాలకు పోవడం తటస్థించినది. ఊరిపేరు చెప్పను, అక్కడ కనిపించినది అనేక బడులలో కనిపించేదే కనుక ఒక ఊరిని వేలెత్తి చూపడం న్యాయం కాదు. మూడవ తరగతి గోడమీద ఋతువుల పటం ఒకటి వ్రేలాడుతున్నది. దానిలో శరదృతువు అని తెలుగులోను, ఆటమ్ అని ఇంగ్లీషులోను వ్రాసి, క్రింద ఒక చెట్టు బొమ్మ వేశారు. చెట్టునిండా ఎఱ్ఱని ఆకులు. సగం ఆకులు నేలమీద రాలి ఉన్నవి. ఆ పటానికి ఎదురుగా కిటికీ. కిటికీ అవతల పొట్టమీద ఉన్న వరిచేను, చేను దాటితే కాలువగట్టు, గట్టుమీద తెల్లగా విరబూసిన రెల్లు. కనుచూపు మేరలో రాలిన ఆకు ఒక్కటి లేదు.

పిల్లలలో ఒకణ్ణి పిలిచి, "ఇప్పుడు ఏ ఋతువు నాయనా?" అని అడిగాను. "శరదృతువండి" అన్నాడు. "ఈ ఋతువులో ఏమవుతుంది?" అంటే, "ఆకులు రాలతాయండి" అన్నాడు. "మరి మీ ఊళ్ళో రాలుతున్నాయా?" అన్నాను. వాడు కిటికీలోనుంచి బయటికి చూశాడు. తిరిగి గోడవైపు చూశాడు. కొంచెంసేపు ఆలోచించి, "మా ఊళ్ళో రాలవండి, పుస్తకంలో రాలతాయండి" అన్నాడు. తరగతి అంతా నవ్వినది. పాఠం చెబుతున్న పంతులమ్మగారు నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు ఊరు వేరు, పుస్తకం వేరు అని గ్రహించాడు. పరీక్షలో అడిగితే పుస్తకంలోనిదే వ్రాయవలెననీ గ్రహించాడు. కంటికి కనిపించేది చదువు కాదు, గోడమీద ఉన్నదే చదువు అని ఆ చిన్నబుద్ధికి మనమే నేర్పి పెట్టాము.

ఆ పటం అబద్ధం కాదు. అది వేరొక దేశపు నిజం. శీతల దేశాలలో చలికాలానికి ముందు చెట్లు ఆకు రాలుస్తాయి; అమెరికావారు ఆ ఋతువును 'రాలు కాలం' అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో. మన శరత్తు అందుకు సరిగా ఎదురైనది. వర్షాకాలపు బురద తేరి నీరు తేటపడే కాలం, మబ్బు విడిపోయి ఆకాశం కడిగినట్లుండే కాలం, వెన్నెలకు ఏడాదిలోకెల్ల పేరుపడిన కాలం. సంస్కృతంలో శరత్తు అన్న మాటకు సంవత్సరమనే అర్థం కూడా ఉన్నది. పూర్వులు నూరేండ్లు బ్రతుకవలెనని కోరుకున్నప్పుడు నూరు శరత్తులు బ్రతుకవలెనని కోరుకున్నారు. ఏడాది మొత్తానికి పేరుగా నిలువదగినంత ముఖ్యమైన ఋతువును మన పిల్లలు ఒక పరాయి చెట్టు బొమ్మగా మాత్రమే ఎరుగుతున్నారు.

తెలుగు సాహిత్యానికి ఈ ఋతువుతో ఉన్న బంధుత్వం చిన్నది కాదు. కోనసీమకు ఎగువనే ఉన్న రాజమహేంద్రవరంలో, పదునొకండవ శతాబ్దిలో, నన్నయభట్టారకుడు భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. ఆయన చివరి పద్యంగా సంప్రదాయం చెప్పేది శరద్రాత్రుల వర్ణనమే. రెండున్నర శతాబ్దాలకు పైగా గడచిన తరువాత ఎఱ్ఱన ఆ పర్వశేషాన్ని అందుకున్నాడు. అందుకోవడం శరత్కాలపు ప్రభాతంతో అందుకున్నాడు. ఒక కవి శరత్తులో రాత్రి దగ్గర కలం దించితే, మరొక కవి శరత్తులో ఉదయం దగ్గర ఎత్తాడు. కళాశాలలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా విద్యార్థులు శ్రద్ధగా వ్రాసుకుంటారు. అయితే, "రెల్లు పూయగా చూచినవారు ఎందరు?" అని అడిగితే చేతులు ఎత్తేవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. లోపం వారిది కాదు. చూడవలసిన వయస్సులో చూడుమని చెప్పినవారు లేరు. కళాశాలలో కవిత్వం బోధపడకపోవడానికి కారణం చాలాసార్లు మూడవ తరగతిలో ఉంటుంది.

కోనసీమలో ఈ మాసం ఎట్లా ఉంటుందో ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని చీలుతుంది. గన్నవరం దగ్గర వసిష్ఠనుంచి వైనతేయ విడివడుతుంది. ఈ పాయల నడుమ ఉన్న నేలకు శ్రావణ భాద్రపదాలు ఎఱ్ఱనీటి నెలలు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినటువంటి పెద్ద వరదలు రాని ఏడాది కూడా లంకలవారు ఏటివైపు ఒక కన్ను వేసియే ఉంటారు. ఆశ్వయుజం వచ్చేసరికి ఆ నీరు తీసిపోతుంది. లంకభూములమీద కొత్త వండలి మిగులుతుంది. ఎఱ్ఱనీటికి ఎదురీది వచ్చిన పులస మరి కనిపించదు. సార్వా వరి పొట్టదశ దాటి వెన్ను తీస్తుంది. చలికాలానికి వలస వచ్చే కాటుకపిట్టలు, సంస్కృత కవులు ఖంజనమన్న ఆ చిన్న పిట్టలు, గట్లమీద తోక ఆడించుకుంటూ తిరుగుతాయి. విజయదశమినాడు పాలపిట్టను చూస్తే శుభమని పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని పొలిమేరకు పోయేవారు. అమలాపురంలో ఆనాడు చెడీ తాలింఖానా. కఱ్ఱలూ కత్తులూ త్రిప్పే యువకుల చుట్టూ ఊరంతా మూగుతుంది. బహుళ తదియనాడు అట్లతద్ది. అమావాస్యనాడు దీపావళి. కార్తికం పుట్టిన నాలుగవనాడు నాగులచవితి. ఒక మాసంలో ఇన్ని పాఠాలను ప్రకృతీ ఊరూ కలిసి మన ముందు పెడుతుండగా, బడి తలుపు మూసుకొని ఎఱ్ఱని ఆకుల బొమ్మ చూపిస్తున్నది.

పూర్వం మన బడులు ఇట్లా ఉండేవి కావు అని కొందరు అంటారు. వీథిబడిలో దసరా వచ్చినదంటే పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లల చేతులలో రంగుకాగితాలు అంటించిన విల్లంబులు, బుక్కా చల్లే గిలకలు, నోట దసరా పద్యాలు. ఇంటివారు పంతులుగారికి దక్షిణా, పిల్లలకు పప్పుబెల్లాలూ ఇచ్చేవారు. నా తరంవారికి ఈ దృశ్యం పెద్దల నోట విన్నదే గాని కన్నది అరుదు. విన్నప్పుడు ఎంతో ముచ్చటగా ఉంటుంది. దానిని తిరిగి తెచ్చుకుందామనే మాట కూడా అప్పుడప్పుడు వినిపిస్తున్నది.

నేను ఆ పక్షంవాణ్ణి కాను. ముచ్చట వెనుక ఉన్నదేమిటో చూడాలి. వీథిబడి పంతులుకు నెలజీతం లేదు. ఆయన ఏడాది కష్టానికి ప్రతిఫలం దసరానాడు వాకిట వాకిట నిలబడి, తన శిష్యులచేత పద్యాలు పాడించి, పుచ్చుకోవలసి వచ్చేది. అది విద్యకు గౌరవమని ఎట్లా అనగలం? రెండవది, అంతకంటె పెద్దది. ఆ ఊరేగింపులో ఎవరి పిల్లలు ఉండేవారు? పేటలలోని పిల్లలు ఉండేవారా? పాలేర్లుగా కుదిరి పశువులను మేపుతున్న పిల్లలు ఉండేవారా? ఆడపిల్లలు ఎందరు ఉండేవారు? 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు 'పాలేరు' నాటకం వ్రాశారు. పాలేరు కుఱ్ఱవాడు చదువుకొని పైకి రావడం అందులోని కథ. అటువంటి కథ వ్రాయవలసి వచ్చినదంటేనే బడి ఎవరికి ఎంత దూరంలో ఉండేదో తెలుస్తున్నది. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు ఆ ఏడే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వచ్చినది. ఆయన చిన్ననాడు బడిలో తక్కిన పిల్లలకు ఎడంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టామీద కూర్చున్న సంగతి ఎరుగనివారు లేరు.

చిత్రమేమనగా, ఆనాడు శరత్తును అందరికంటె బాగా ఎరిగినవారు ఆ బడి బయట ఉన్న పిల్లలే. రెల్లు ఏ లంకలో ముందు పూస్తుందో, గిజిగాడి గూళ్ళు ఏ తాటిచెట్టుకు ఉన్నవో, పోటు ఏ వేళకు ఎక్కుతుందో, పాటు ఏ వేళకు తీస్తుందో వారికి తెలుసు. వారికి లేనిది అక్షరం. బడిలో ఉన్నవారికి అక్షరం ఉన్నది. చూపు అంతగా లేదు. నేడు పరిస్థితి మారినది. కలిగినవారి పిల్లలు తెల్లవారుతూనే బస్సులెక్కి పట్టణాల బడులకు పోతున్నారు. ఊరి ప్రభుత్వపు ప్రాథమిక పాఠశాలలో చాలావరకు కూర్చుంటున్నది కౌలురైతుల పిల్లలు, వ్యవసాయ కూలీల పిల్లలు, వలవేసేవారి పిల్లలు, కల్లుగీసేవారి పిల్లలు, కొబ్బరి దింపువారి పిల్లలు. అనగా, ఏ జ్ఞానం తరతరాలు బడి బయట ఉండిపోయినదో ఆ జ్ఞానం తనంత తాను నడచి వచ్చి బల్లమీద కూర్చున్నది. అట్లా వచ్చినదానిని మనం పలుకరించకుండా, "అది చదువు కాదు, ఇదిగో చదువు" అని గోడమీది పటం చూపిస్తే, ఆ పిల్లలను రెండవసారి బయటికి పంపినట్లే. నా బాధ అంతా ఇక్కడ ఉన్నది.

కనుక ఉపాధ్యాయులను నేను కోరేది ఒక్కటే. ఆశ్వయుజ మాసాన్ని బడిలోకి రానివ్వండి. పండుగగా కాదు, పాఠంగా. అందుకు కొత్త పుస్తకాలు అక్కరలేదు; ధనవ్యయం లేదు. నాకు తోచిన నాలుగు పనులు చెబుతాను.

మొదటిది చంద్రుడు. దసరా సెలవులు సుమారు పది రోజులు. అవి చాలావరకు శుక్లపక్షంలోనే పడతాయి. సెలవులకు ముందు పిల్లలతో, "విదియనాటినుంచి రోజూ సాయంకాలం చంద్రుణ్ణి చూచి, ఎంత కనిపిస్తే అంత బొమ్మ గీయండి" అని చెప్పాలి. తిరిగి వచ్చేసరికి ప్రతి పిల్లవాని చేతిలో తాను స్వయంగా వ్రాసిన ఒక ఖగోళశాస్త్ర పుట ఉంటుంది. పూర్ణిమ తరువాత చంద్రోదయం రోజుకు ముప్పావుగంటకు అటూ ఇటూగా ఆలస్యమవుతుంది. ఈ సంగతి పుస్తకం చదివి జ్ఞాపకం పెట్టుకోవడం కష్టం. అట్లతద్దినాడు పగలంతా ఉపవసించి, చంద్రుడు వస్తే గాని అట్టు ముట్టడానికి వీలులేక, తూర్పువైపు చూస్తూ కూర్చున్న ఆడపిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పిల్లను నిలబెట్టి, "ఏ వేళకు వచ్చాడమ్మా?" అని అడగండి. పూర్ణిమనాడు ఏ వేళకు వచ్చాడో తక్కిన పిల్లలచేత చెప్పించండి. రెంటి భేదం నల్లబల్లమీద వేయండి. లెక్క, శాస్త్రం, పండుగ మూడూ ఒకచోట కలుస్తాయి. రాజోలు ప్రాంతాన ఏటి ఒడ్డున ఉండే పిల్లలయితే పూర్ణిమకూ అమావాస్యకూ పోటు ఎందుకు పెద్దదో కూడా ఆ పట్టునే అందుకుంటారు.

రెండవది వరిపూవు. మనం రోజూ అన్నం తింటాము. వరి పూయగా చూచినవారు చదువుకున్నవారిలో కొద్దిమంది. వెన్ను బయటపడిన తరువాత దానిలోని చిన్నపూలు ఎండ ఎక్కిన వేళ విచ్చుకొని, కొద్దిసేపటికే మూసుకుంటాయి. ఆ వేళ ఇంచుమించు మన బడి మొదటి పాఠాలు జరిగే వేళ. పిల్లలు లోపల కూర్చొని పూవు భాగాలు వల్లిస్తుండగా చేనిలో ఆ పూవు విచ్చుకొని మూసుకొనిపోతున్నది. ఒక ఉదయం వారిని గట్టువరకు తీసుకొని పొండి. వెన్నునుంచి వ్రేలాడే పసుపురంగు పుప్పొడి తిత్తులను చూపించండి. మరి రెండు వారాలకు అదే చేనికి పోయి గింజను గోటితో నొక్కి పాలు చూపించండి. కోతలప్పుడు ఒక వెన్ను తెచ్చి, గట్టిగింజలెన్ని, తాలుగింజలెన్ని లెక్కించమనండి. భిన్నాలు చెప్పడానికి ఇంతకంటె మంచి సాధనం నాకు కనిపించలేదు. వసిష్ఠకు ఆవలి ఒడ్డున పశ్చిమగోదావరిలో ఉన్న మార్టేరు పరిశోధన కేంద్రంనుంచి 1982లో వచ్చిన స్వర్ణ వంగడం దేశమంతా వ్యాపించినదని పెద్ద పిల్లలకు చెప్పండి. శాస్త్రం ఎక్కడో పుట్టేది కాదనీ, తమ మట్టిలో కూడా పుడుతుందనీ తెలుస్తుంది. 2011 సార్వాలో ఇదే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. అన్నం పండించేవాడు పండించనని ఎందుకు అనవలసి వచ్చినదో, ఆ ప్రశ్న కూడా ఏదో ఒకనాటికి ఆ పిల్లలలో మొలకెత్తాలి. చేను చూడని పిల్లవానిలో అది మొలకెత్తదు.

మూడవది మాటలు. నేను తెలుగు పంతుల్ని కనుక దీనిమీద నాకు మమకారం ఎక్కువ. పొట్ట, వెన్ను, తాలు, వండలి, బోదె, తూము, లాకు, పోటు, పాటు — ఇవన్నీ పిల్లలు ఇంటినుంచి తెచ్చే మాటలు. బడిలో వీటికి చోటు లేదు. వారానికి పది మాటలు పిల్లలచేత చెప్పించి, వారిచేతనే వ్రాయించి, గోడమీద అంటించండి. ఒక్కొక్క మాట ప్రక్కన దానిని తెచ్చిన పిల్లవాని పేరు వ్రాయండి. తన తండ్రి నోట వచ్చే మాట నల్లబల్లమీద అచ్చుతప్పు లేకుండా వ్రాసి ఉండగా చూచిన పిల్లవానికి, తన తండ్రి కూడా ఏదో తెలిసినవాడే అన్న గౌరవం కలుగుతుంది. గిడుగు రామమూర్తిగారు సవరల పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పాలని శ్రమించి పుస్తకాలు వ్రాసిన ఊళ్ళు మనకు ఎంతో దూరం కావు. ఆయన చూపిన దారి అడవికి ఎంత అవసరమో డెల్టాకు అంతే అవసరం.

నాలుగవది గాలివాన. శరత్తు అనగానే వెన్నెల ఒక్కటే చెప్పి ఊరుకుంటే అది సగం పాఠం. 1996 నవంబరు 6వ తేదీన, దీపావళి ఇంకా నాలుగు రోజులున్నదనగా, కోనసీమమీద విరుచుకుపడిన పెనుతుపానును చూచినవారికి ఈ ఋతువు రెండవ ముఖం తెలుసు. వందలాది ప్రాణాలు పోయినవి. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలినవి. తెల్లవారి చూస్తే ఊరిని గుర్తుపట్టడానికి ఆనవాళ్ళు లేవు. 2025లో అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటినది. ఈ రెండూ శరత్తులోనివే. కనుక ఈ మాసంలోనే పిల్లలకు రేవుల్లో ఎగురవేసే హెచ్చరిక సంఖ్యల అర్థం చెప్పాలి. వాన కొలవడానికి ఒక వెడల్పు మూతి సీసా, ఒక కొలబద్ద చాలు. గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదో చూడడానికి ఒక కాగితపు జెండా చాలు. ఊళ్ళో తుపాను ఆశ్రయ భవనం ఎక్కడ ఉన్నదో దారి చూపించాలి. తుపాను చూచిన తాతనో అవ్వనో ఒక పూట బడికి పిలిచి చెప్పించాలి. ఇది ప్రాణం నిలిపే చదువు.

ఇవన్నీ బాగానే ఉన్నవి గాని కాలమెక్కడిది అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సెలవులు, పరీక్షలు, నమోదు కాగితాలు, తుపాను వస్తే మళ్ళీ సెలవులు. అనేక ప్రాథమిక పాఠశాలలలో ఉన్నది ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు. అయినా లెక్క చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటినుంచి ఐదవ తరగతివరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని నిర్ణయించినది. నేను అడుగుతున్నది ఒక మాసంలో వారానికి ఒక గంట, మొత్తం నాలుగు గంటలు. అది 800 గంటలలో 200వ వంతు; ఏడాదిలో ఒక్క రోజు చదువుకు సమానం. ఆ నాలుగు గంటలూ ఎట్లాగూ చెప్పవలసిన పరిసరాల విజ్ఞానంలోనివే, గణితంలోనివే, తెలుగులోనివే. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరునుంచి ఎనిమిదవ తరగతివరకు పిల్లలకు సంచి లేని పది రోజులు ఉండాలని చెప్పినది. పెద్దపిల్లలకు పది రోజులు మంచిదయినప్పుడు చిన్నపిల్లలకు నాలుగు గంటలు ఎందుకు చెడ్డదవుతుంది?

రెండవ ఆక్షేపణ తల్లిదండ్రులది. మా పిల్లలకు ఇంగ్లీషు కావాలి గాని రెల్లుపూలెందుకు అంటారు. వారి కోరికను నేను తేలిక చేయను. కూలి చేసుకునే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు రావాలని కోరడం వెనుక ఎంత అనుభవం ఉన్నదో మనం ఎరుగుదుము. అయితే నేటి మన పాఠ్యపుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు ఉన్నవి. చూచిన వస్తువును రెండు భాషలలో చెప్పడం సులభం. చూడని వస్తువును ఒక భాషలో చెప్పడం కూడా కష్టమే. తాను చూచిన వరిపూవును గురించి మూడు వాక్యాలు తెలుగులో వ్రాసిన పిల్ల, అవే మూడు వాక్యాలు ఇంగ్లీషులో వ్రాయడానికి ఉత్సాహపడుతుంది. ఎఱ్ఱని ఆకుల పాఠాన్ని మాత్రం ఎంత చదివినా వల్లెవేయడమే గాని సొంతవాక్యం పుట్టదు.

మూడవ ఆక్షేపణ సున్నితమైనది. దసరా, అట్లతద్ది, దీపావళి అంటే అందరి పండుగలూ కావు గదా, మన బడులలో క్రైస్తవుల పిల్లలు, ముస్లిముల పిల్లలు కూడా ఉన్నారు గదా అని. నిజమే. అందుకే పండుగగా వద్దు, పాఠంగా కావాలి అన్నాను. చంద్రుడికీ, పోటుకూ, వరికీ, గాలివానకూ మతం లేదు. అట్లతద్ది ఊయల పిల్లలందరిదీ కావచ్చును. ఒకనాడు ఆడపిల్లలు తెల్లవారకముందే వీథులలోకి వచ్చి నిర్భయంగా ఆడుకోవడానికి ఏడాదికి దొరికిన స్వేచ్ఛ అది. ఆ స్వేచ్ఛను బడి ప్రతి శనివారం సాయంకాలం ఇవ్వగలిగితే అంతకంటె కావలసినదేమున్నది?

కార్తికంలో వనభోజనాలు వస్తాయి. చెట్టుక్రింద అందరూ కలిసి తినడం ఎంత మంచి ఆచారం! నేడు అవి అనేక చోట్ల ఏ కులంవారికి ఆ కులంవారివిగా మారిపోయినవి. పత్రికలలో ప్రకటనలు చూస్తూనే ఉన్నాము. దీనిని దిద్దగలిగిన స్థలం ఒక్క ప్రాథమిక పాఠశాలే అని నా నమ్మకం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1909లో కన్నుమూసేవరకు, ఆకలి అని వచ్చినవారికి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టారు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు ఉన్నది. 2024నుంచి మన బడులలోని మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే. ఆమె పేరిట వండిన ఆ అన్నాన్నే ఒకనాడు వరండాలో కాక, బడి ఆవరణలోని చెట్టుక్రింద, పిల్లలందరూ వరుస కలిసి కూర్చొని తింటే అది వనభోజనం కాదా? ఆ వరుసలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చున్నారో పిల్లలు పట్టించుకోరు. పెద్దవారయిన తరువాత కూడా పట్టించుకోకుండా ఉండడానికి ఆ జ్ఞాపకం పనికివస్తుంది.

ఇది నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనంలో బడి పెట్టినప్పుడు చెట్లనీడనే తరగతులు నడిపించారు. 1908లో అక్కడి పిల్లలు ఆడుకోవడానికి 'శారదోత్సవం' అనే నాటకం వ్రాశారు. ఋతువు మారితే బడిలో కూడా ఏదో మారాలని ఆయన నమ్మకం. జపానులో క్యోటో నగరపు చెర్రీపూత తేదీలు తొమ్మిదవ శతాబ్దినుంచి వ్రాతలలో దొరుకుతున్నవి. పూత ఇటీవల ఎంత ముందుకు జరిగినదో, భూమి ఎట్లా వేడెక్కుతున్నదో చెప్పడానికి శాస్త్రజ్ఞులకు ఆ పాత వ్రాతలు సాక్ష్యమైనవి. కేరళలో బడిపిల్లలు ఎందరో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం క్రింద చెట్ల చిగురు, పూత, కాయ వారంవారం వ్రాసిపెడుతున్నారు. మన కోనసీమలో ప్రతి చిన్నబడి ఒక పుస్తకం పెట్టి, రెల్లు మొదట ఏనాడు పూసినది, వెన్ను ఏనాడు తీసినది, కాటుకపిట్ట ఏనాడు కనిపించినది, ఎంత వాన కురిసినది అని ఏటేటా వ్రాసి ఉంచితే, ఏబది ఏండ్ల తరువాత ఆ పుస్తకానికి విలువ కట్టగలవారు ఉండరు. దానిని వ్రాయడానికి మూడవ తరగతి చదువు చాలు.

దసరాకు ఇల్లిల్లూ తిరిగే ఆచారాన్ని వద్దన్నాను. దానిలోని మంచి ఒకటి ఉన్నది. ఏడాదికి ఒకసారి బడి ఊరిముందుకు వచ్చి నిలబడేది. అది మాత్రం నిలుపుకోవాలి. మాసం చివర ఒక సాయంకాలం పిల్లలు తాము వ్రాసినది, గీసినది, కొలిచినది తీసుకొని రచ్చబండ దగ్గరికి రావాలి. ఒక పిల్ల చంద్రుని బొమ్మలు చూపిస్తుంది. ఒక పిల్లవాడు ఎన్ని అంగుళాల వాన పడినదో చదువుతాడు. ఒకడు తన తాత చెప్పిన తుపాను సంగతి చెబుతాడు. వినేవారు రూపాయి ఇవ్వనక్కరలేదు; పంతులుగారు చేయి చాపనక్కరలేదు. తప్పు చెబితే దిద్దే రైతు అక్కడ ఉంటాడు. ఊరు బడికి పాఠం చెప్పడం, బడి ఊరికి పాఠం చెప్పడం ఆ పూటకు ఒకటవుతుంది.

చివరకు ఆ గోడమీది పటం సంగతి. దానిని చించివేయమని నేను అనను. ప్రపంచంలో ఆకులు ఎఱ్ఱబడి రాలే దేశాలు ఉన్నవి. పిల్లలు వాటిని ఎరగాలి. ఎందరో కోనసీమ బిడ్డలు నేడు ఆ దేశాలలోనే ఉన్నారు. నేను కోరేది, ఆ పటం ప్రక్కన మరొక కాగితం అంటించమని. దానిమీద వరిచేను, కాలువగట్టు, తెల్లని రెల్లు, పైన చంద్రుడు ఉండాలి. గీసినవారు ఆ తరగతి పిల్లలే కావాలి. అప్పుడు ఎవరయినా వచ్చి శరత్తులో ఏమవుతుందని అడిగితే, ఆ పిల్లవాడు కిటికీకీ గోడకూ నడుమ తడబడనక్కరలేదు. "అక్కడ ఆకులు రాలతాయండి, మా ఊళ్ళో వరి పూస్తుందండి" అని చెబుతాడు. ఆ ఒక్క వాక్యం చెప్పగలిగిన పిల్లవాడు భూగోళాన్నీ, తన ఊరినీ రెంటినీ చదువుకున్నవాడు.